అక్కకు చేయించని పరీక్ష

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బందరులో ఉంటూ ఒక కాల్షియం మాత్రల కంపెనీకి మెడికల్ రెప్‌గా పనిచేసేవాణ్ణి. మెడలో టై, చేతిలో నల్ల బ్యాగు, డాక్టరు గది బయట జబ్బు మనుషుల మధ్య పిలుపు కోసం పడిగాపులు. ఆ ఉద్యోగంలో గుడివాడ, పామర్రు, బందరు, అవనిగడ్డ నాలుగు చోట్లా కలిపి కొన్ని వందల మంది పాదాలు పట్టుకుని ఒక పెట్టెలో పెట్టించాను. ఎముకల బలం చూసే పెట్టె అది. పెట్టించాల్సిన ఒక్క కాలు మాత్రం పెట్టించలేదు. అది మా అక్కది.

మాది హంసలదీవి దగ్గర ఒక పల్లె. నాన్న వేటకు వెళ్ళేవాడు. అక్క నాకన్నా పదకొండేళ్ళు పెద్దది. పెళ్ళయ్యాక కూడా మా వీధిలోనే ఉంది, ఎందుకంటే బావ మా నాన్న పడవలోనే వేటకు వెళ్ళేవాడు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే చేపలు గంపకెత్తుకుని, నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని కోడూరు వైపు ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొచ్చేది. నా డిగ్రీ మా అక్క గంపలోంచి వచ్చిందని మా వీధిలో అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి.

పెట్టె సంగతి చెప్తాను. కంపెనీ వాళ్ళు దాన్ని వ్యానులో పంపించేవారు. ఒక డాక్టరుగారి క్లినిక్ ముందు షామియానా వేసి, ఉచిత ఎముకల పరీక్ష అని బ్యానరు కట్టేవాళ్ళం. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని చెప్పు విప్పి, మడమకు జిగురులాంటి మందు రాయించుకుని, పెట్టెలో పాదం పెడితే రెండు నిమిషాల్లో చీటీ వచ్చేది. ఆకుపచ్చ వస్తే బాగున్నట్టు, పసుపు వస్తే ఎముక పలచబడుతున్నట్టు, ఎరుపు వస్తే ప్రమాదం. పసుపు చీటీ అందుకున్నవాళ్ళ మొహాలు చూడాలి. అప్పటిదాకా నవ్వుతూ తోసుకుంటూ వచ్చిన మనుషులు కుర్చీలోంచి లేచేటప్పుడు జాగ్రత్తగా కుర్చీ చేతులు పట్టుకుని లేచేవారు. పక్కనే డాక్టరుగారు మా మాత్రలు రాసేవారు.

ఎవరు వచ్చేవారనుకున్నారు? పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడిచేవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, బట్టల కొట్ల యజమానులు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, పని లేక వచ్చినవాళ్ళు, ఉచితం అంటే వచ్చినవాళ్ళు. గుడివాడలో ముప్పై కూడా దాటని ఒక బ్యాంకు కుర్రాడు రోజూ షటిల్ ఆడేవాడు. పసుపు చీటీ చూసుకుని బ్యాటు అటకెక్కించేశాడు. ఆర్నెల్ల తర్వాత కనిపిస్తే, “మీ దయ వల్ల ముందే తెలిసిందండీ” అని నాకు టీ ఇప్పించాడు. నేను ఆ టీ తాగాను. ఆ వయసులో ఆ చీటీకి అర్థమే లేదని నాకు అప్పటికే తెలుసు.

తెలుసని ఎందుకంటున్నానంటే, బందరులో ఒక పెద్ద ఎముకల డాక్టరుగారు నాకు అంతకుముందే గడ్డి పెట్టారు. మనిషి మంచివాడు, నోరు మాత్రం పదును. ఆయన క్లినిక్ ముందు కూడా షామియానా వేస్తామని అడగడానికి బ్యానరు పట్టుకుని వెళ్ళాను. పేషెంట్లందరూ వెళ్ళిపోయేదాకా కూర్చోబెట్టి, అప్పుడు లోపలికి పిలిచారు.

“నిన్న గుడివాడలో ఎంతమందికి చేశావయ్యా?”

“నూట పదిమందికి సార్.” గొప్పగానే చెప్పాను.

“అందులో అరవై అయిదు దాటిన ఆడవాళ్ళు ఎంతమంది?”

నేను లెక్క పెట్టుకోలేదు. పదిమంది ఉంటారేమో అన్నాను.

“మిగతా వందమందికి దేనికి చేశావు? మడమ చూసే మిషను పట్టుకుని జబ్బు ఉందనీ లేదనీ చెప్పకూడదు. అసలు పరీక్ష తుంటికీ వెన్నుకీ చేస్తారు. దానికి విజయవాడో హైదరాబాదో వెళ్ళాలి. దానికైనా ఊరందర్నీ తోలకూడదు. కుర్రవాళ్ళకి ఏదో ఒక అంకె వస్తుంది, దాంతో వాళ్ళకి బెంగ తప్ప ఉపయోగం లేదు.”

“మరి ఎవరికి చేయించాలి సార్?”

“అరవై అయిదు దాటిన ఆడదానికి చేయించు. అంతకన్నా చిన్నదైతే నాలుగు మాటలు అడుగు. రాసుకో.”

నల్ల బ్యాగులోంచి డైరీ తీసి రాసుకున్నాను. నలభై అయిదు లోపే నెలసరి ఆగిపోయిందా, లేకపోతే ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేశారా? పెద్ద దెబ్బ తగలకుండా, నిలబడ్డచోట పడితేనే ఎముక విరిగిందా? ఆయాసానికో కీళ్ళ నొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగిందా? ఒళ్ళు బాగా చిక్కిందా, పొడుగు తగ్గిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా విజయవాడ పంపు అన్నారు. ఏదీ కాదంటే, పాలు తాగి, కాసేపు ఎండలో నడవమని చెప్పి ఇంటికి పంపు అన్నారు.

“ఈ నాలుగు మాటలకీ కరెంటు అక్కర్లేదు, వ్యాను అక్కర్లేదు. నోరుంటే చాలు,” అని నా బ్యానరు నాకే చుట్టి ఇచ్చేశారు.

నాకు కోపం రాలేదు, ఆశ పుట్టింది. అంత చక్కటి పాఠం నాకు ఏ కంపెనీ ట్రైనింగులోనూ దొరకలేదు. అదంతా బట్టీ పట్టాను. అప్పటినుంచి కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ నాలుగు మాటలూ గడగడా అప్పజెప్పేవాణ్ణి. “నువ్వు మిగతా రెప్పుల్లా కాదయ్యా, చదువుతావు,” అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నా కళ్ళు నెత్తికెక్కాయి. పాఠం అప్పజెప్పి, సాయంత్రం మళ్ళీ అదే షామియానా వేసి, అదే బ్యాంకు కుర్రాళ్ళకి అవే పసుపు చీటీలు ఇచ్చేవాణ్ణి. అమ్మకాలు పెరిగాయని మేనేజరు సంతోషించాడు. నేనూ సంతోషించాను.

అవనిగడ్డలో క్యాంపు పెట్టిన రోజు అక్క వచ్చింది. నేనే కబురు చేశాను, మాత్రలు తీసుకెళ్ళమని. అక్కకి చాలాకాలంగా ఆయాసం. ఎండుచేపల పనిలో దుమ్ము పీల్చీ పీల్చీ పట్టుకుందని అందరం అనుకునేవాళ్ళం. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒకాయన చిన్న తెల్ల మాత్రలు మొదలుపెట్టించాడు. వేసుకుంటే గంటలో ఊపిరి ఆడేది, గంప ఎత్తుకోగలిగేది. ఊళ్ళో ఎప్పుడూ దొరకవని బందరులో నాకు తెలిసిన హోల్‌సేల్ కొట్టు నుంచి డబ్బాలకు డబ్బాలు తెచ్చి ఇచ్చే బాధ్యత నేను తీసుకున్నాను. అయిదారేళ్ళుగా ఇస్తున్నాను. తమ్ముడు మందుల కంపెనీలో ఉన్నందుకు ఆ మాత్రం ఉపయోగపడుతున్నాడని అక్క వీధంతా చెప్పుకునేది.

ఆ రోజు షామియానా కిందకి గంపతోనే వచ్చింది. చేపలు అమ్ముడైపోయాయి గానీ వాసన అలాగే ఉంది. గంప దించేటప్పుడు ఎడమ చెయ్యి కాస్త వంకరగా తిప్పి దించింది. రెండేళ్ళ క్రితం ఇంటి గుమ్మం దగ్గర తూలి, చెయ్యి ఆనించి పడింది. కట్లు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొన రాసి గుడ్డ చుట్టాడు. నలభై రోజులకి కట్టు విప్పేశారు. మా ఇళ్ళల్లో కట్టుతో పోయినదాన్ని విరగడం అనరు, బెణికింది అంటారు. ఎక్స్‌రే లేదు, కాగితం లేదు. అప్పుడు నేను బందరులోనే ఉన్నాను, ఫోనులో “తగ్గిందా?” అని అడిగాను, అంతే.

అక్క గంప పక్కన పెట్టి, వరసలో ఉన్నవాళ్ళనీ పెట్టెనీ కాసేపు చూసింది.

“ఏంట్రా అది? కాలు పెడితే ఏం జెప్పుద్ది?”

“ఎముకలు గట్టిగా ఉన్నాయో లేవో చెప్తుంది అక్కా.”

“అయితే నాకూ చూడరా. ఈ మధ్య నడుం పట్టేస్తంది. చీర కూడా కిందకి జారి కాళ్ళకి అడ్డం పడతంది, పొట్టిదాన్నయిపోయానేమో.” నవ్వింది.

కుర్చీలో ఒక లాయరుగారి భార్య కూర్చుని ఉంది. ఆమె ముక్కు దగ్గర కొంగు పెట్టుకోవడం నేను చూశాను. డాక్టరుగారు కూడా లోపల్నుంచి ఒకసారి మా వైపు చూశారు. అక్క కాలికి చెప్పులు లేవు, పాదాలకి బురద ఉంది. ఆ పాదాన్ని నా చేతుల్లోకి తీసుకుని కడిగి పెట్టెలో పెట్టాలి. వందల మంది పాదాలు పట్టుకున్నవాణ్ణి.

“నీకెందుకక్కా ఇది? కూర్చుని తినేవాళ్ళకి ఇది. రోజూ గంప మోసేదానివి, నీ ఎముకలకి ఏమవుతుంది?” అన్నాను. మాత్రల డబ్బా చేతిలో పెట్టాను.

నవ్వుతూనే అన్నాను. అక్క కూడా నవ్వి, “నిజమేలే, నాది ఉక్కు ఒళ్ళు,” అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఆ మాటలు నేను పూర్తిగా అబద్ధమనుకుని అనలేదు. బరువులు మోసేవాళ్ళకి ఎముకలు గట్టిపడతాయని మేం వాడే బ్రోచర్లోనే ఉండేది. సిగ్గుపడినవాడికి ఏదో ఒక కారణం దొరుకుతుంది, నాకు బ్రోచర్లో దొరికింది.

ఆ తర్వాత ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు పొద్దున పెరట్లో అంట్లు తోముకుని లేస్తూ తడి బండ మీద కాలు జారింది. “పడలేదురా, కూచున్నాను, అంతే,” అని అక్క ఇప్పటికీ వాదిస్తుంది. కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. కుడి కాలు పక్కకి తిరిగిపోయింది. బావ కట్లు కట్టే ఆయన్నే పిలుచుకొచ్చాడు. ఆయన కాలు వైపు చూసి చెయ్యి కూడా వెయ్యకుండా, “ఇది నా చేతిలో పని కాదు, బందరు తీసుకెళ్ళండి,” అన్నాడట. అద్దె కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. కోడూరు రోడ్డు గుంతల్లో కారు కుదిపినప్పుడల్లా అక్క బావ చెయ్యి కొరికేసిందని తర్వాత చెప్పుకున్నారు.

నేను ఎదురెళ్ళి తీసుకెళ్ళింది ఆ పెద్ద డాక్టరుగారి దగ్గరికే. నాకు తెలిసినవాళ్ళలో ఆయన్ని మించిన చెయ్యి లేదు. ఎక్స్‌రే వెలుగు మీద పెట్టి చూశారు. తుంటి ఎముక విరిగింది. ఆయన చాలాసేపు దాన్నే చూసి, తర్వాత స్టూలు లాక్కుని అక్క మంచం పక్కన కూర్చున్నారు.

“వయసెంతమ్మా?”

“నలభై తొమ్మిదండీ.”

“నెలసరి ఎప్పుడు ఆగిపోయింది?”

అక్క నా వైపు చూసింది. నేను బయటికి వెళ్ళబోయాను. మా ఇళ్ళల్లో తమ్ముళ్ళ ముందు ఆ మాటలు మాట్లాడరు. “ఉండవయ్యా,” అన్నారు డాక్టరుగారు, చెయ్యి చూపించి ఆపేశారు.

“ముప్పై మూడేళ్ళప్పుడు ఆపరేషన్ చేయించుకున్నానండీ. పిల్లలు పుట్టేశారు గదా, ఇంక సంచి దేనికని తీసేశారు. మా వీధిలో అందరం అంతేనండీ.”

అది నిజమే. మా వైపు అది ఒక అలవాటు. కాన్పులు అయిపోయాయి, నెలనెలా నడుం నొప్పి, గంప మోయాలి, సముద్రం ఒడ్డున నిలబడాలి. ఎవరో ఒకావిడ వెళ్ళి చేయించుకుని తేలిగ్గా ఉందంటే, వెనకాలే నలుగురు బయల్దేరేవాళ్ళు. కాన్పులైన ఆడదానికి అదొక సుఖం అన్నట్టు చెప్పుకునేవాళ్ళు. అక్కకి ఆపరేషన్ అయినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కడుపులో ఏదో ఆపరేషన్ అని చెప్పారు, ఏమిటని నేను అడగలేదు. రెప్ అయిన తర్వాత, అండాశయాల సంగతి డాక్టర్లకి పాఠం చెప్పే రోజుల్లో కూడా అడగలేదు.

“సంచి ఒక్కటే తీశారా, పక్కన ఉండేవి కూడా తీసేశారా?”

“అన్నీ తీసేశామని చెప్పారండీ. మళ్ళీ ఏ గొడవా ఉండదన్నారు.”

“ఇంతకుముందు ఎప్పుడైనా ఎముక విరిగిందా?”

“లేదండీ. చెయ్యి బెణికితే కట్టు కట్టించుకున్నాను.” ఆయన చెయ్యి పట్టుకుని వంకర మీద బొటనవేలు పెట్టి నిమిరారు.

“మాత్రలు ఏమైనా వాడుతున్నావా?”

అప్పుడు అక్క నొప్పిలోనే కాస్త తల ఎత్తింది. “ఆయాసానికి వాడతానండీ. మా తమ్ముడే తెచ్చిపెడతాడు. ఏడెనిమిదేళ్ళ నుంచి ఒక్క రోజు కూడా తప్పనివ్వలేదు.” నా వైపు గర్వంగా చూసింది.

సంచిలోంచి డబ్బా తీసి నేనే ఆయనకి ఇచ్చాను. ఆయన పేరు చదివి, నా మొహం చూసి, డబ్బా మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. అవి స్టెరాయిడ్ మాత్రలని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బా మీద రాసే ఉంది. నాలుగు మాటల్లో మొదటి మూడూ, అదే వరసలో అడిగారు ఆయన. ఒకప్పుడు నా డైరీలో రాయించిన వరస. రెండేళ్ళపాటు నేను ఊరూరా అప్పజెప్పిన పాఠానికి సమాధానాలన్నీ మా ఇంట్లోనే, మా అక్క ఒంట్లోనే ఉన్నాయి. ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆపరేషన్ అయ్యాక వరండాలో ఆయన్ని ఆపి అడిగాను. “విజయవాడ తీసుకెళ్ళి పరీక్ష చేయించమంటారా సార్?” ఏదో ఒకటి చెయ్యాలన్న ఆత్రం.

“మందు మొదలుపెట్టడానికి ఇప్పుడు ఆ పరీక్షతో పని లేదయ్యా. ఎముక తనంతట తనే చెప్పింది. లేచి తిరగ్గలిగాక ఒకసారి చేయిద్దాం, మందు పనిచేస్తోందో లేదో తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. పరీక్ష చేయించాల్సిన రోజు చెయ్యి విరిగిన రోజు.” అంత మాత్రం చెప్పి వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ చెయ్యి విరిగిన రోజు నేను ఫోనులో తగ్గిందా అని అడిగినవాణ్ణి. ఆ రోజు కాకపోయినా అవనిగడ్డ షామియానా రోజు ఉంది. ఆ రోజు అక్క తనే నోరు తెరిచి నడుం నొప్పి అంది, పొట్టిదాన్నయ్యానంది. పాఠంలో చివరి మాట అది. నేను అడగకుండానే చెప్పింది.

ఆయాసానికి వేరే డాక్టరు నోటితో పీల్చే మందు ఇచ్చి, ఆ మాత్రలు ఒక్కసారిగా మానకూడదని మెల్లగా తగ్గించాడు. ఎముకలకి వారానికో మాత్ర రాశారు. పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి అరగంట నడుం వాల్చకూడదు. అక్క అది తు.చ. తప్పకుండా పాటించింది. ఎముక అతుక్కుంది, నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడిచింది, తర్వాత కర్ర మీదకి వచ్చింది. గంప మాత్రం మళ్ళీ ఎత్తుకోలేదు. పొద్దున్నే పడవలు వచ్చే వేళకి గుమ్మంలో ఎత్తు పీట మీద కూర్చుని, ఒడ్డుకు వెళ్ళే ఆడవాళ్ళని పేరుపేరునా పలకరించేది. చేపలు పడ్డాయా, ఏ ఊరు వెళ్తున్నారు, ఫలానా ఇంటావిడని అడిగానని చెప్పండి అనేది. పదిహేడు ఊళ్ళలో ఇంటింటికీ తెలిసిన మనిషి, వీధి చివరికి వెళ్ళాలంటే తోడు అడగాల్సి వచ్చింది. నన్ను మాత్రం ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నేను మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళి, క్యాంపుల్లో ముందు నాలుగు మాటలు అడిగి, అవసరం లేనివాళ్ళని వెనక్కి పంపడం మొదలుపెట్టాను. నా వరస చూసి మేనేజరు మండిపడ్డాడు. మరుసటి ఏడు ఉద్యోగం మానేసి పామర్రులో మందుల షాపు పెట్టుకున్నాను. తెల్ల మాత్రలు నెలల తరబడి కొనేవాళ్ళు వస్తే ఆపి అడుగుతాను, డాక్టరు దగ్గరికి పంపిస్తాను. కొందరు వెళ్తారు, కొందరు పక్క షాపుకి వెళ్తారు. ఇదంతా అక్క పడ్డాక వచ్చిన బుద్ధి. అక్కకి పనికిరాని బుద్ధి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరు వెళ్ళాను. అక్క పీట మీద కూర్చునే చేపల పులుసు వండి, నాకు వడ్డించింది. బావ తినేసి వల బాగుచేసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇద్దరమే ఉన్నాం.

“ఒరేయ్, ఒకటి అడుగుతాను. అవనిగడ్డలో ఆ రోజు ఆ పెట్టెలో నా కాలు పెట్టించుంటే ముందే తెలిసేదంటావా?”

నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

“ఆ పెట్టెకి తెలిసేది కాదేమోలే అక్కా. అది చూసేది మడమ. దాన్ని నమ్మడానికి లేదని పెద్ద డాక్టరుగారే అన్నారు.”

అది నిజమే. అక్షరాలా నిజం.

“అదీ సంగతి,” అంది అక్క. పెద్ద బరువు దించుకున్నట్టు వెనక్కి ఆనుకుంది. “మరి ఇంకేంటిరా? రెండేళ్ళ నుంచీ మొహం మాడ్చుకుని తిరుగుతున్నావు. నీ తప్పేం ఉంది ఇందులో? తిను.”

పెట్టె అక్కర్లేదని, అడగాల్సిన మాటలు నాకు నోటికి వచ్చని, చేపల వాసన వస్తోందని కుర్చీలో కూర్చోబెట్టలేదని, ఆ మాత్రలేమిటో తెలిసే తెచ్చిచ్చానని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. మొత్తం చెప్పినా మా అక్క ఇదే మాట అనేది, నీ తప్పేం ఉందిరా, తిను అనేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు.